అయుత్తయకు ఒక్క రోజు: బస్సు టూర్ మేలా, అక్కడే గైడ్‌ను పెట్టుకోవడం మేలా?

బ్యాంకాక్‌కు టికెట్లు తీసుకున్న చుట్టాల్లో సగం మంది నాకు ఫోన్ చేసి అడిగేది ఇదే: "అయుత్తయకు బస్సు టూర్ బుక్ చేసుకోవాలా, మనమే వెళ్లి అక్కడ గైడ్‌ను మాట్లాడుకోవాలా?" నేను రెండూ చూశాను. మొదటిసారి అత్తయ్యగారు, మామయ్యగారితో బస్సులో వెళ్లాను. పోయిన డిసెంబరులో తమ్ముడి కుటుంబంతో రైల్లో వెళ్లాను.

అసలు గైడ్ ఎందుకు, ఫోన్‌లో చదువుకుంటే సరిపోదా అనేవాళ్లూ ఉన్నారు. బ్యాంకాక్ గ్రాండ్ ప్యాలెస్‌కైతే సరిపోతుంది, అక్కడ ఎవరూ ఏమీ చెప్పకపోయినా కళ్లు చెదిరిపోతాయి. అయుత్తయ అలా కాదు. మన అయోధ్య పేరు పెట్టుకున్న ఆ ఊరు 1351 నుంచి 1767 దాకా సయాం (ఇప్పటి థాయ్‌లాండ్) రాజధాని. బర్మా సైన్యం తగలబెట్టి పోయాక మిగిలినవి మొండి గోడలు, తలలు లేని బుద్ధ విగ్రహాలు. ఆ శిథిలాల ఇటుకలను కూడా పడవలకెత్తి బ్యాంకాక్ కట్టడానికి తీసుకుపోయారు. కథ చెప్పే మనిషి లేకపోతే మూడో గుడికే పిల్లలు "ఇది ఇందాక చూసేశాం కదా" అంటారు.

బస్సు టూర్‌లో సుఖం ఉంది, కాదనను. పొద్దున్నే హోటల్ దగ్గర ఎక్కించుకుంటారు, 80 కిలోమీటర్లు ఏసీలో కూర్చుంటే చాలు, భోజనం వాళ్లదే. శాకాహారులు ముందే చెప్పుకోవాలి. "జే" (మాంసం, చేప, గుడ్డు లేని తిండి) అనే ఒక్క మాట నేర్చుకుంటే ఆ దేశంలో ఎక్కడైనా బతికిపోవచ్చు. కానీ మా బస్సు ముందు బాంగ్ పా ఇన్ ప్యాలెస్‌లో గంట తినేసింది. వాట్ మహాతాట్‌కు (వాట్ అంటే గుడి) అరగంటే మిగిలింది. రావిచెట్టు వేళ్లలో ఒదిగిపోయిన బుద్ధుడి తల ఉన్నది అక్కడే. ఫొటో దిగేటప్పుడు మన తల ఆయన తల కంటే ఎత్తులో ఉండకూడదు, కింద కూర్చోవాలి. మోకాళ్ల నొప్పులతో అత్తయ్యగారు కూర్చుని, నా చెయ్యి పట్టుకుని లేచి, చీర సర్దుకునేలోపు గైడ్ చేతిలోని జెండా గేటు దాటిపోయింది. తిరుగు దారిలో రత్నాల షాపు దగ్గర మాత్రం యాభై నిమిషాలు ఆపారు. అక్కడ ఎవరికీ తొందర లేదు.

డబ్బు, సౌకర్యం ఎవరి లెక్క వాళ్లకుంటుంది. నా దృష్టిలో అసలు తేడా గడియారంలో ఉంది. బస్సులు సాధారణంగా బ్యాంకాక్ ట్రాఫిక్‌కు భయపడి మధ్యాహ్నం రెండు, మూడింటికే వెనక్కి తిరుగుతాయి. అంటే మాడు పగిలే ఎండలో ఇటుకల మధ్య తిప్పి, చల్లబడే వేళకు ఊరు దాటించేస్తారు. టూర్ బుక్ చేసేముందు "ఎన్ని గుళ్లు చూపిస్తారు?" అని కాదు, "సాయంత్రం నాలుగున్నరకు ఎక్కడుంటాం?" అని అడగండి.

రెండోసారి బ్యాంకాక్‌లోని హువా లంపోంగ్ స్టేషన్‌లో ఆర్డినరీ రైలెక్కాం. మూడో తరగతి టికెట్ 20 బాట్‌ల లోపే, ప్రయాణం రెండు గంటల లోపే. అయుత్తయలో దిగి స్టేషన్ ఎదుటి సందులోంచి నడిస్తే పా సాక్ నది, పడవలో అటు దిగితే పాత ఊరు. ముందే మాట్లాడుకున్న గైడ్ అక్కడ కలిసింది, మెడలో లైసెన్సు కార్డుతో. ఆ దేశంలో గైడ్ పని థాయ్ పౌరులకే పరిమితం. హైదరాబాద్ నుంచి వెంట వచ్చే టూర్ మేనేజర్‌కు ఎంత తెలిసినా ఆ పని చేయకూడదు. కాబట్టి తెలుగులో చెప్పేవాళ్లు దొరుకుతారని ఆశపడకండి.

వాట్ రాచ్చబురణలో ఆమె మమ్మల్ని చెట్టు నీడన కూర్చోబెట్టి కథ మొదలుపెట్టింది. 1424లో రాజు చనిపోతే పెద్ద కొడుకు, రెండో కొడుకు ఏనుగులెక్కి సింహాసనం కోసం కొట్టుకున్నారు. ఇద్దరూ చచ్చారు. మూడోవాడు చావ్ సామ్ ఫ్రయా రాజై, అన్నల పేరున ఈ గుడి కట్టించాడు. "పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందన్నమాట" అన్నాడు తమ్ముడు. దాన్ని ఇంగ్లిష్‌లో చెప్పడానికి మేం పడ్డ పాట్లు చూసి ఆమె పడీపడీ నవ్వింది. తర్వాత నిటారు మెట్ల మీదుగా గోపురం లోపలి గదిలోకి దిగాం. గోడల మీద వెలిసిపోయిన బొమ్మలు. 1957లో దొంగలు పడి బంగారం దోచిన గది అదే. దొరికిన మేరకు ఆ మూడో కొడుకు పేరుతోనే ఉన్న మ్యూజియంలో పెట్టారు. మాది బందరు అని చెప్పి, పదిహేడో శతాబ్దంలో మా రేవు నుంచి మీ ఊరికి అద్దకం బట్టలు వచ్చేవంటే ఆమె చిన్న పుస్తకం తీసి రాసుకుంది. నలభై మంది బస్సులో ఈ ముచ్చట ఎక్కడ కుదురుతుంది?

మిట్టమధ్యాహ్నం రెండు గంటలు ఏసీ హోటల్లో కూర్చున్నాం. నాలుగున్నరకు నది పక్కన వాట్ చైవత్థనారామ్. 1630లో కట్టింది. అద్దెకు తెచ్చుకున్న పాతకాలపు పట్టుబట్టల్లో థాయ్ అమ్మాయిలు గొడుగులతో ఫొటోలు దిగుతున్నారు. ఎండ వాలుతుంటే మొక్కజొన్న పొత్తుల్లాంటి గోపురాలు బెల్లం రంగుకు తిరిగాయి. బస్సులో వచ్చినప్పుడు ఈ గుడి పేరైనా వినలేదు.

మాకు ఖర్చు నలుగురం పంచుకున్నా తలకు బస్సు కంటే కాస్త ఎక్కువే పడింది. ఒంటరిగా వెళ్తే ఇంకా బరువు. నడవలేని పెద్దవాళ్లుంటే, బ్యాంకాక్‌లో రెండే రోజులుంటే బస్సే ఎక్కండి, తప్పేం లేదు. లేదంటే బ్యాంకాక్ నుంచే కారు, గైడ్ కలిపి మాట్లాడుకోవచ్చు, జేబు ఒప్పుకుంటే.

మిగతావి: నదిలో పడవ టూర్ బాగుంటుంది, కానీ గుళ్లకు టైమ్ మిగలదు. ఏనుగు సవారీ జోలికి పోకండి. సైకిల్ అద్దెకిస్తారు, ఊరు చదునే. డిసెంబరు, జనవరిలో అయితే సరే, ఏప్రిల్‌లో మాత్రం ఆ మాటే ఎత్తకండి.