హిచ్ తుప్పుకు రంగా, కన్వర్టరా, నూనెపూతా? మంచు రాష్ట్రాల్లో ఏది మేలు?

మిషిగన్, ఒహాయో, మిన్నెసోటా లాంటి చోట్ల ఉండే మనవాళ్ళలో హిచ్‌తో (ట్రైలరో సైకిల్ ర్యాకో తగిలించడానికి కారు వెనక బిగించే ఇనుప చట్రంతో) పడవలు లాగేవాళ్ళు తక్కువ. సియెన్నా, ఒడిస్సీ, హైలాండర్ లాంటి కార్లకు హిచ్ పెట్టించేది ఎండాకాలం పిల్లల సైకిళ్ళు తగిలించుకోవడానికి. లేదంటే ప్రాజెక్టు మారి ఇంకో రాష్ట్రానికి వెళ్ళేటప్పుడు అద్దె ట్రైలర్ లాక్కెళ్ళడానికి. మిగతా కాలమంతా దాని జోలికి ఎవరూ పోరు. తుప్పు పని చేసుకునేది అప్పుడే.

ఇక్కడి ఉప్పు సంగతి తెలియంది కాదు. డెట్రాయిట్ నగరం కిందే, వెయ్యి అడుగులకు పైగా లోతున, ఉప్పు గని ఉంది. చలికాలంలో రోడ్ల మీద చల్లేది ఇలాంటి రాతి ఉప్పునే. మామూలు ఉప్పు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దాకా బాగా పనిచేస్తుంది. అంతకంటే చలి ముదిరితే కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ కలిపిన ఉప్పునీళ్ళు చల్లుతారు. అవి గాలిలో తేమను లాక్కుని ఆరకుండా ఉంటాయి కాబట్టి ఇనుముకు మరింత చేటు. హిచ్ ఉండేదేమో వెనక బంపర్ కింద, టైర్లు చిమ్మే నీళ్ళకు సరిగ్గా అడ్డంగా.

మందు ఎంచుకునే ముందు తుప్పు ఎక్కడ పడుతుందో చూడాలి. కారు వెనక నిలబడితే కనిపించే ఎర్రటి మరక అసలు సమస్య కాదు. మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు రిసీవర్ గొట్టంలోకి, అంటే ర్యాక్ లాంటివి దూర్చే గొట్టంలోకి, వేసి చూడండి. అడుగున ఇసుక, ఉప్పు కలిసిన బురద పేరుకుని ఉంటుంది. దూర్చినదాన్ని ఊడకుండా పట్టే పిన్ను దూరే రంధ్రం చుట్టూ, వెల్డింగ్ అతుకుల దగ్గర, నట్లు బిగించిన చోట పెచ్చులు లేస్తుంటాయి. ఫ్యాక్టరీలో వేసే పౌడర్ కోటింగ్ బయట గట్టిగానే ఉంటుంది కానీ, విద్యుదావేశంతో అంటుకునే ఆ పొడి గొట్టం లోతుల్లోకి సరిగ్గా చేరదు. అందుకే హిచ్ లోపలి నుంచి బయటికి తుప్పు పడుతుంది. మందు కూడా లోపలికి వెళ్ళగలిగేదై ఉండాలి.

మొదట రంగు. వైర్ బ్రష్‌తో గీకి, 80 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్ది, జిడ్డు తుడిచి, తుప్పును ఆపే ప్రైమర్, దాని మీద నల్ల ఎనామెల్ స్ప్రే కొడితే హిచ్ కొత్తదానిలా కనిపిస్తుంది. కారు అమ్మబోతుంటే ఇదే మంచిది. కానీ గొట్టం లోపల గీకడానికి చెయ్యి దూరదు, గీకకుండా వేసిన రంగు నిలవదు. పైన వేసినది కూడా మొదటి చలికాలంలోనే గులకరాళ్ళ దెబ్బలకు చుక్కలు చుక్కలుగా లేస్తుంది. అక్కడ ఉప్పునీళ్ళు దూరి రంగు కిందుగా పాకుతాయి. పైకి నున్నగా ఉండి లోపల తింటుంటే పట్టుకోవడం మరీ కష్టం. రంగు వేసేవాళ్ళు రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ఎంత బరువు లాగొచ్చో చెప్పే స్టిక్కర్ మీద టేప్ అంటించాలి. బోల్టులు కారు ఫ్రేముకు బిగిసే ముఖాల మీద రంగు పడకూడదు. మధ్యలో ఉన్న రంగు పొర నలిగిపోతే బోల్టు బిగువు తగ్గుతుంది.

రస్ట్ కన్వర్టర్ సంగతి వేరు. ఇందులో టానిక్ ఆమ్లమో ఫాస్ఫారిక్ ఆమ్లమో ఉంటుంది. ఎర్ర తుప్పును గట్టిగా అంటిపెట్టుకునే నల్లటి పొరగా మారుస్తుంది, కళ్ళ ముందే రంగు మారుతుంది. కాబట్టి పూర్తిగా పని చేసిందనిపిస్తుంది. నిజానికి ఇది సగం పనే. ఊగే పెచ్చులను ముందే రాల్చకపోతే మందు పైపొరకే తగిలి, అడుగున తుప్పు అలాగే ఉంటుంది. శుభ్రంగా ఉన్న ఇనుము మీద దీనివల్ల పెద్దగా ఉపయోగం లేదు. ఆరాక పైన రంగు తప్పనిసరి. సన్నగా, సమంగా తుప్పు పట్టిన బయటి భాగాలకు రంగు కంటే ముందు ఇది వాడితే మేలే.

పీఓఆర్-15 లాంటి పూతలు వీటన్నిటికంటే గట్టివి. గాలిలోని తేమను పీల్చుకుని రాయిలా బిగుస్తాయి, తుప్పు మీదే బాగా పట్టుకుంటాయి. మెరిసే పాత రంగు మీద వేస్తే మాత్రం రేకులుగా ఊడొస్తాయి. ఎండ తగిలే చోట పైన ఇంకో రంగు కావాలి. చేతికి అంటితే చర్మం పొర ఊడేదాకా వదలదు, గ్లౌజులు వేసుకోండి. హిచ్ విప్పి కింద పెట్టుకుని ఓపికగా చేసేవాళ్ళకే ఇది. జింకు ఎక్కువగా ఉండే కోల్డ్ గాల్వనైజింగ్ స్ప్రే కూడా అంతే. జింకు తను కరిగిపోతూ ఇనుమును కాపాడాలంటే అది నేరుగా ఇనుముకే తగలాలి. తుప్పు మీదో కన్వర్టర్ మీదో కొడితే డబ్బు దండగ.

ఇక నూనెపూత. గొర్రె ఉన్ని నుంచి తీసే లానొలిన్‌తో చేసిన ఫ్లూయిడ్ ఫిల్మ్, వూల్‌వాక్స్ లాంటివి. నా ఓటు దీనికే. ఇది ఆరి గట్టిపడదు. మెల్లగా పాకుతూ అతుకుల సందుల్లోకి, పెచ్చుల కిందికి, గొట్టం చివరిదాకా వెళ్తుంది. పొడుగాటి గొట్టం తగిలించుకునే డబ్బా అయితే రిసీవర్ లోపల అన్ని వైపులా కొట్టొచ్చు. తళతళలాడేలా గీకక్కర్లేదు. ఊడే పెచ్చులు రాల్చి, నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనిస్తే చాలు. లోపాలు లేకపోలేదు. దుమ్ము అంటుకుంటుంది, వాసన కొన్నాళ్ళుంటుంది, గరాజ్ నేల మీద చుక్కలు పడతాయి, ప్యాంటుకు తగిలితే మరక. సైలెన్సర్ మీద పడితే పొగ వస్తుంది. మామూలు రబ్బరు దీనివల్ల ఉబ్బుతుంది, బ్రేకుల మీద అసలు పడకూడదు. ఏటా మంచు పడకముందే, అక్టోబరులో మళ్ళీ కొట్టుకోవాలి. ఒక డబ్బా పది పదిహేను డాలర్లు, హిచ్‌కు అందులో సగం కూడా పట్టదు.

మన పల్లెల్లో నాగలి కర్రుకు, ట్రాక్టర్ గొర్రుకు పాత ఇంజిన్ ఆయిల్ పూసి పక్కన పెట్టడం చాలామందికి తెలుసు. ఆలోచన ఒకటే, గాలీ నీళ్ళూ ఇనుముకు తగలకుండా చూడటం. కానీ ఆ ఆయిల్ ఇక్కడ కారు కింద వద్దు. అందులో లోహపు పొడి, ఆమ్లాలు ఉంటాయి. వానకు కారి డ్రైవ్‌వే నుంచి నేరుగా వాన కాలువలోకి పోతుంది. డబ్ల్యూడీ-40 కూడా దీనికి పనికిరాదు. నీళ్ళను తరిమేస్తుంది గానీ, పలచటి ఆ పొర చలికాలమంతా నిలవదు.

ఏ పూత కంటే కూడా ఎక్కువ మేలు చేసే పని ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. నవంబరు వచ్చేసరికి సైకిల్ ర్యాక్ గానీ, ట్రైలర్ తగిలించే గుండ్రటి బాల్ ఉండే బాల్ మౌంట్ గానీ గొట్టంలోంచి తీసేయండి. రెండు ఇనుములు ఒకదానిలో ఒకటి దూరి ఉన్న సన్నటి సందులో ఉప్పునీళ్ళు చేరితే ఆరవు. తుప్పు అసలు ఇనుము కంటే చాలా ఎక్కువ చోటు తీసుకుంటుంది కాబట్టి రెండూ బిగుసుకుపోతాయి. మౌంట్ అల్యూమినియంది అయితే ఇంకా ఘోరం. రెండు వేర్వేరు లోహాల మధ్య ఉప్పునీళ్ళు ఉంటే తెల్లటి పొడి పుట్టి గట్టిగా పట్టేస్తుంది. గొట్టం మూతికి రబ్బరు మూత పెట్టొచ్చు, కానీ తడి లోపల ఉండగా మూస్తే నష్టమే.

ఇప్పటికే బిగుసుకుపోయిందా? సందుల్లోకి పాకే పెనెట్రేటింగ్ ఆయిల్ పిన్ను రంధ్రంలోంచి, మూతి చుట్టూ, వెనక వైపు నుంచి పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు గొట్టం పక్కల సుత్తితో తడుతూ మౌంట్‌ను అటూ ఇటూ కదిలించాలి. టార్చితో కాల్చొద్దు. దగ్గర్లో పెట్రోలు ట్యాంకు ఉండొచ్చు, కాల్చిన ఉక్కు బలం కూడా నమ్మలేం.

పిన్ను, బాల్, క్లిప్పు లాంటి విడి భాగాలకు రంగు వద్దు. ఎవాపో-రస్ట్ అనే తుప్పు తీసే ద్రవంలో నానబెడితే ఇనుము జోలికి పోకుండా తుప్పును మాత్రమే తీస్తుంది. వెనిగర్ కూడా పనిచేస్తుంది, కానీ తీయగానే వంటసోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టాలి. లేకపోతే గంటలో మళ్ళీ ఎర్రబడుతుంది. బాత్రూములు కడిగే ఘాటు యాసిడ్ మాత్రం వద్దు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ దూరి పెళుసుబారుతుంది, బరువు పడ్డప్పుడు విరిగే ప్రమాదం ఉంది. ఆరాక బాల్‌కు కొంచెం గ్రీజు రాయండి, లైట్ల కనెక్టర్‌లో డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు ప్రవహించని గ్రీజు) పెట్టండి.

వీటిలో ఏదీ పనికిరాని దశ కూడా ఉంది. సుత్తితో తడితే ఖంగుమనాలి. మొద్దు శబ్దం వచ్చి పెచ్చులు మందంగా రాలుతుంటే, పిన్ను రంధ్రం కోలగా సాగితే, వెల్డింగ్ దగ్గర గుంటలు పడితే ఇక పూతల మాట ఎత్తొద్దు, దాని మీద వెల్డింగ్ కూడా చేయించొద్దు. చాలా కార్లకు కొత్త హిచ్ రెండు మూడు వందల డాలర్లలో వస్తుంది. కొత్తది బిగించే ముందు, అది ఇంకా గరాజ్ నేల మీద ఉండగానే, గొట్టం లోపలా వెల్డింగ్ అతుకుల మీదా నూనెపూత కొట్టించండి. బోల్టులు బిగిసే ముఖాలను మాత్రం పొడిగా ఉంచి, తయారీదారు చెప్పిన టార్క్‌కే, అంటే చెప్పినంత బిగువుకే, బిగించమనండి.