కాండోర్ గ్లైడింగ్ సిమ్యులేటర్ రివ్యూ: చలికాలం గ్యాప్ తర్వాత మళ్ళీ గ్లైడర్ ఎక్కేవాళ్ళకి ఎంతవరకు పనికొస్తుంది

మాది బెజవాడ, పటమట. ఉద్యోగం జర్మనీలో, అక్కడి క్లబ్‌లోనే గ్లైడర్ నేర్చుకుని లైసెన్స్ తీసుకున్నా. గ్లైడర్ అంటే ఇంజన్ లేని విమానం, వించ్‌తో (నేల మీద ఉండి కేబుల్ చుట్టుకుంటూ లాగే మెషిన్) గానీ ఇంకో విమానంతో గానీ పైకి లాగించుకుని అక్కడ్నుంచి గాలి మీదే ఆధారపడి ఎగరడం. అక్కడ చలికాలం వస్తే ఫ్లయింగ్ ఆగిపోతుంది, గ్లైడర్ల రెక్కలు ఊడదీసి వర్క్‌షాప్‌లో పెట్టేస్తారు, రిపేర్లు, పాలిష్, ఇన్‌స్పెక్షన్లు అన్నీ అప్పుడే, మళ్ళీ మార్చి చివరికో ఏప్రిల్‌కో గానీ ఫీల్డ్ తెరవరు. ఆ టైమ్‌లో నేను సంక్రాంతికి ఇంటికొచ్చి వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టించుకుని ఇక్కడే ఉండిపోతా. నెలల తరబడి చేతికి స్టిక్ తగలదు. ఈ గ్యాప్‌లో నన్ను కాస్త లైన్‌లో ఉంచేది కాండోర్ అనే సిమ్యులేటర్. మనవాళ్ళు కూడా ఇప్పుడు బయటి దేశాల్లో గ్లైడింగ్ క్లబ్బుల్లో చేరుతున్నారు కాబట్టి వాళ్ళకి పనికొస్తుందని వివరంగా రాస్తున్నా.

కాండోర్ స్లోవేనియా వాళ్ళది, మొదటి వెర్షన్ 2005లో వచ్చింది, నేను వాడేది కాండోర్ 2. విండోస్‌లోనే నడుస్తుంది. దాంతోపాటు వచ్చే ఏరియా స్లోవేనియా, పైన ఆల్ప్స్ కొండలు కింద పచ్చటి లోయలు, చూడ్డానికి చాలా బాగుంటుంది గానీ నాకు అసలు నచ్చింది గాలి. థర్మల్స్ అంటే నేల వేడెక్కి పైకి లేచే గాలి, కొండ వాలుని తగిలి పైకి లేచే గాలి, కొండ వెనకాల అలలా లేచే గాలి అంటే వేవ్, మూడూ ఉన్నాయి, గాలి ఎటు నుంచి ఎంత వేగంతో రావాలి, మేఘాలు ఎంత ఎత్తులో ఉండాలి అన్నీ మనమే పెట్టుకోవచ్చు. గ్లైడర్ ప్రవర్తన కూడా నిజానికి చాలా దగ్గరగా ఉంటుంది, స్టిక్ పక్కకి వేసి రడ్డర్ (తోక మీద ఉండి ముక్కుని పక్కకి తిప్పే పలక) మర్చిపోతే ముక్కు ఎదురు వైపుకి తిరిగిపోవడం, క్యానపీ మీద కట్టిన ఊలు దారం పక్కకి పోవడం, స్లోగా ఉన్నప్పుడు తప్పుగా తిప్పితే గిరగిరా తిరుగుతూ పడిపోయే స్పిన్‌లోకి పడటం అన్నీ చూపిస్తుంది.

ఇక సెటప్. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో జాయ్‌స్టిక్ ఒకటి తీసుకున్నా, స్టిక్‌ని మెలి తిప్పితే రడ్డర్, మొదలుపెట్టడానికి అది చాలు. నాకు నచ్చనిది ఒక్కటే, ఎయిర్‌బ్రేక్‌కి (రెక్కల మీద పైకి లేచి గ్లైడర్‌ని త్వరగా కిందకి దించే పలకలు) అందులో ఉన్న బుల్లి లీవర్. గ్లైడర్‌లో ఎడమ చేతి దగ్గర నీలం రంగు హ్యాండిల్ అంటే ఎయిర్‌బ్రేక్, పసుపు అంటే కేబుల్ రిలీజ్, ఆకుపచ్చ అంటే ట్రిమ్, స్టిక్‌ని బలంగా పట్టుకోకుండానే స్పీడ్ నిలిపేది. చలికాలం గ్యాప్ తర్వాత చెయ్యి తప్పు హ్యాండిల్ మీదకి పోవడం అనేది చిన్న విషయం కాదు, చక్రం దించే లీవర్ అనుకుని ఎయిర్‌బ్రేక్ లాగినవాళ్ళు, ఎయిర్‌బ్రేక్ అనుకుని చక్రం లీవర్ లాగుతూ కూర్చున్నవాళ్ళు గ్లైడింగ్ ప్రమాదాల రిపోర్టుల్లో మళ్ళీ మళ్ళీ కనిపిస్తారు. అందుకని మా తమ్ముడు నన్ను ఆటోనగర్ తీసుకెళ్ళాడు, లారీ బాడీలు కట్టే షెడ్డు. అక్కడ వెల్డింగ్ చేసే పెద్దాయన ఫొటో చూసి ఏ బండికి బాబూ ఇది అన్నాడు, ఇంజన్ లేని విమానానికి బాబాయ్ అంటే చేతిలో రాడ్ పక్కన పెట్టి మొత్తం విన్నాడు, నీలం హ్యాండిల్ లాక్ అయి ఉంటుంది, మొదట గట్టిగా లాగితే లాక్ ఊడుతుంది, ఊడాక గాలే దాన్ని బయటికి గుంజుతుంది అని చెప్తే ఆయనే ఒక స్ప్రింగ్ వెతికి రెండు రంధ్రాలు కొట్టి అటూ ఇటూ జరిపి చూసుకుంటూ సరిగ్గా అలాగే వచ్చేలా బిగించి ఇచ్చాడు. మొదట బిగువు, టక్కుమని ఊడటం, తర్వాత వదులు. తమ్ముడు దానికి పాత జాయ్‌స్టిక్‌లోని పొటెన్షియోమీటర్ తగిలించి కంప్యూటర్‌కి కలిపాడు, నీలం రంగు వేశాం. ఆటోనగర్ పనితనానికి వేరే రివ్యూ రాయాలి అసలు.

సరే, అసలు విషయం. నా అభిప్రాయం ఏంటంటే గ్యాప్‌లో చేతులు అంత త్వరగా మర్చిపోవు, రెండు మూడు ఫ్లైట్లు చేస్తే చేతులు వాటంతట అవే వచ్చేస్తాయి. ముందు పోయేది అరుదుగా అవసరమయ్యే పనులు, అవి ఏడాదంతా ఎగిరినా ఎప్పుడో గానీ రావు, వచ్చినప్పుడు మాత్రం ఆలోచించుకునే టైమ్ ఇవ్వవు. వించ్ లాంచ్‌లో కేబుల్ తెగడం వాటిల్లో మొదటిది. వించ్ మీద గ్లైడర్ కొన్ని సెకన్లలోనే వంద కిలోమీటర్ల వేగం దగ్గరికి వెళ్ళిపోయి ముక్కు బాగా పైకెత్తి ఎక్కుతూ ఉంటుంది, ఆ పొజిషన్‌లో లాగే శక్తి ఆగిపోతే వేగం చాలా త్వరగా పడిపోతుంది. అప్పుడు చేయాల్సింది ముక్కు వెంటనే కిందకి, మామూలు గ్లైడ్ కన్నా కూడా కిందకి, తర్వాత అప్రోచ్ స్పీడ్, అంటే దిగడానికి కావాల్సిన వేగం, వచ్చేదాకా ఆగడం. ఆ ఆగడమే కష్టం. వేగం రాకుండా ఎయిర్‌బ్రేక్ ముట్టుకోకూడదు, వేగం రాకుండా తిప్పకూడదు, ముక్కు దించాం కదా అయిపోయింది అనుకుని వెంటనే టర్న్ మొదలుపెడితే స్టాల్ అయి, అంటే వేగం చాలక రెక్కలు మోయలేక, స్పిన్‌లోకి పోతుంది, ఆ ఎత్తులో స్పిన్ నుంచి బయటపడే చోటు ఉండదు. వేగం వచ్చాక ఎదురుగా రన్‌వే మిగిలుంటే ఎదురుగానే దిగాలి, లేదంటేనే చిన్న సర్క్యూట్, అంటే ఫీల్డ్ పక్కగా చుట్టి వచ్చి దిగడం.

కాండోర్‌లో ఫ్లైట్ సెట్ చేసుకునేటప్పుడు తాడు తెగే అవకాశం ఎంత ఉండాలో పెట్టుకోవచ్చు. దీనికోసమైనా ఇది కొనొచ్చు అంటాను. మరీ ఎక్కువ పెడితే ప్రతిసారీ తెగుతుందని తెలిసిపోయి చెయ్యి ముందే రెడీగా ఉంటుంది, కాస్త తక్కువ పెట్టి మామూలుగా ఎగురుతూ ఉండాలి, అప్పుడు ఎప్పుడో టప్పున తెగుతుంది, అప్పుడు తెలుస్తుంది మనం ఎంత సేపటికి స్పందిస్తున్నామో. రాత్రి అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చేస్తా. హెడ్‌ఫోన్స్ అన్నది ఊరికే అనట్లేదు, గ్లైడర్‌లో వేగం చెవికి తెలుస్తుంది, స్లో అయ్యేకొద్దీ గాలి చప్పుడు తగ్గి నిశ్శబ్దం అయిపోతుంది, కాండోర్ ఈ చప్పుడు బాగా ఇస్తుంది, మీటర్ చూడకుండా చప్పుడుతోనే స్పీడ్ పట్టుకోవడం ప్రాక్టీస్ చేయండి, ఫీల్డ్‌లో మొదటి రోజే తేడా తెలుస్తుంది.

లాంచ్‌కి ముందు ప్రతిసారీ చెక్స్ గట్టిగా పైకి చెప్తాను, కంట్రోల్స్, బరువు, బెల్టులు, మీటర్లు, ఫ్లాప్స్, ట్రిమ్, క్యానపీ, ఎయిర్‌బ్రేక్ మూసి లాక్ చేశామా, చివర్లో ఈరోజు కేబుల్ తెగితే ఏ ఎత్తులో ఏం చేస్తాను, గాలి ఎటుంది, ఎటు తిరుగుతాను. సిమ్యులేటర్‌లో క్యానపీ తెరుచుకోదు కదా ఎందుకు చెప్పడం అనొచ్చు, నోటికి అలవాటు పోకుండా ఉండటానికి. ఎయిర్‌బ్రేక్ లాక్ చేయకుండా లాంచ్ అయితే పైకి లాగుతుండగానే అవి తెరుచుకుంటాయి, పైలట్‌కి ఎందుకు ఎక్కట్లేదో అర్థం కాదు, ఇది కొత్తవాళ్ళకే జరుగుతుందని కూడా లేదు. రెక్క కొన నేలకి తగలబోతుంటే ఒక్క క్షణం కూడా చూడకుండా రిలీజ్ లాగేయడం అనేది కూడా ఇలాంటిదే, అందుకే లాంచ్ మొదలైన దగ్గర్నుంచి ఎడమ చెయ్యి పసుపు హ్యాండిల్ దగ్గరే ఉండాలి. నేను టేబుల్ అంచుకి పసుపు తాడు ఒకటి కట్టుకున్నా, చెయ్యి దాని మీదే పెట్టుకుని కూర్చుంటా.

సర్క్యూట్ ప్రాక్టీస్‌కి కూడా మంచిదే కానీ కొన్ని మార్చుకోవాలి. ఎత్తు చూపించే మీటర్ మీద స్క్రీన్‌కి స్టిక్కీ నోట్ అంటించేయండి, ల్యాండింగ్ స్పాట్ ఎంత కోణంలో కనిపిస్తుందో దాన్నిబట్టే ఎప్పుడు తిప్పాలో నిర్ణయించుకోవాలి, ఎందుకంటే ఏదో ఒక రోజు పొలంలో దిగాల్సి వస్తే ఆ పొలం ఎత్తు మీటర్‌కి తెలియదు. థర్మల్ ఎక్కడుందో చూపించే హెల్పర్స్ ఆఫ్ చేయండి. ఎత్తు తక్కువైతే ఒక్క కీ నొక్కి మళ్ళీ పైకి వెళ్ళిపోయే సదుపాయం ఉంటుంది, అది కూడా సెట్టింగుల్లో ఆపేయండి, సేఫ్టీ కోసం చేసే ప్రాక్టీస్‌లో ఆ కీ ఉంటే మనసు దాని మీదే ఉంటుంది. ఒక్క మానిటర్‌తో పక్కకి చూడటం ఇబ్బంది, దాంతో తెలియకుండానే ఫైనల్ (రన్‌వేకి ఎదురుగా వచ్చే చివరి భాగం) బాగా దూరంగా పొడుగ్గా వేసుకునే అలవాటు పడుతుంది, ఇది నిజంగా ప్రమాదకరమైన అలవాటు, తల తిప్పితే వ్యూ తిరిగే ట్రాక్‌ఐఆర్ గానీ వీఆర్ హెడ్‌సెట్ గానీ ఉంటే ఈ సమస్య చాలావరకు పోతుంది.

ఇది నేర్పలేనివి కూడా చెప్పాలి, ఏ సిమ్యులేటర్ అయినా అంతే. కేబుల్ తెగాక ముక్కు గట్టిగా దించితే ఒంటికి బరువు పోయినట్టు కడుపులో ఖాళీ అయిపోయినట్టు ఉంటుంది, ఆ ఫీలింగ్‌ని స్టాల్ అనుకుని ఇంకా ముందుకి తోసేవాళ్ళు ఉంటారు, అది కుర్చీలో కూర్చుంటే రాదు, ఇన్‌స్ట్రక్టర్‌తో గాల్లోనే అలవాటు చేసుకోవాలి. ఇంకోటి చుట్టూ చూడటం. స్క్రీన్ ముందు కూర్చుంటే కళ్ళు మీటర్ల మీదే ఉంటాయి, బయట మాత్రం సీజన్ మొదటి వారాల్లో ఒకే థర్మల్‌లో నలుగురైదుగురు తిరుగుతుంటారు, వాళ్ళందరూ కూడా చలికాలం గ్యాప్ తర్వాత వచ్చినవాళ్ళే. దగ్గర్లో ఇంకో గ్లైడర్ ఉంటే హెచ్చరించే పరికరం ఫ్లార్మ్ మోగుతుంది కదా అని కళ్ళు లోపల పెట్టుకోకూడదు, ఎదుటి గ్లైడర్‌లో ఫ్లార్మ్ ఉండి పనిచేస్తేనే మనకి మోగుతుంది. పైగా వసంతంలో థర్మల్స్ ఇరుగ్గా బలంగా ఉంటాయి, కుదుపు ఎక్కువ, గాలి కూడా ఒక్కోసారి గట్టిగా వీస్తుంది.

గ్లైడర్ కూడా గ్యాప్ తర్వాతే బయటికి వస్తోంది, ఈ మాట చాలామంది మర్చిపోతారు. రెక్కలు బిగించాక కంట్రోల్ రాడ్లు అన్నీ కలిశాయా, సేఫ్టీ పిన్‌లు పడ్డాయా అనేది చేత్తో తడిమి చూడాలి, తర్వాత ఒకరు బయట రెక్క మీది ఎయిలరాన్‌నో తోక మీది ఎలివేటర్‌నో గట్టిగా పట్టుకుంటే లోపల ఇంకొకరు స్టిక్ కదిపి చూడాలి, ఊరికే కదులుతోంది కదా అని వదిలేస్తే కలవని రాడ్ దొరకదు. గాలి వేగం కొలిచే పిటో ట్యూబ్‌కి వర్క్‌షాప్‌లో అంటించిన టేప్ తీశారా చూడండి, లేకపోతే స్పీడ్ మీటర్ సున్నా దగ్గరే ఉంటుంది. ఇక మన సొంత బరువు, కాక్‌పిట్‌లో కనిష్ఠం గరిష్ఠం రాసి ఉంటాయి, పారాచూట్‌తో కలిపి లెక్క, సంక్రాంతికి అరిసెలు పూతరేకులు తిని వెళ్ళేవాళ్ళం కాబట్టి పారాచూట్ తగిలించుకునే బరువు చూసుకోండి, పోయిన ఏడాది అంకె చెప్పేయొద్దు. ఇవేవీ కాండోర్‌లో ఉండవు.

లైసెన్స్ లెక్కలు కూడా గుర్తుంచుకోండి. యూరప్ రూల్స్ ప్రకారం గత 24 నెలల్లో 5 గంటలు, అందులో 15 లాంచ్‌లు, ఇన్‌స్ట్రక్టర్‌తో 2 ట్రైనింగ్ ఫ్లైట్లు ఉండాలి, వెనక సీట్లో ఎవరినైనా ఎక్కించుకోవాలంటే గత 90 రోజుల్లో 3 లాంచ్‌లు. సిమ్యులేటర్ గంటలు ఇందులోకి రావు. ఇది కాగితం మీద సరిపోవడమే, చలికాలం దాటాక చాలా క్లబ్బులు కాగితంతో పని లేకుండా చెక్ ఫ్లైట్లు పెడతాయి, పెట్టకపోయినా మనమే అడగాలి. ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్ళి ఊరికే ఒక రౌండ్ వేద్దాం సార్ అనకుండా, మీరే నాకు ముందు చెప్పకుండా కేబుల్ రిలీజ్ చేయండి, ఒకసారి తక్కువ ఎత్తులో ఒకసారి ఎటూ కాని ఎత్తులో, పైన స్టాల్, స్పిన్ మొదలవుతుండగా ఆపడం చేయిద్దాం, ఎత్తు మీటర్ మూసేసి ఒక ల్యాండింగ్ చేయిద్దాం అని అడగండి. కాండోర్‌లో ఇవన్నీ చేసి వెళ్తే ఆ ఫ్లైట్లలో స్టెప్పులు గుర్తుచేసుకోవడంలో టైమ్ పోదు, ఒంటికి ఏం తెలుస్తోందో దాని మీదే మనసు పెట్టొచ్చు. నాకు దీనివల్ల కలిగిన అసలు లాభం ఇదే. మొదటి రోజు గాలి సరిగ్గా లేకపోతే, రాత్రి నిద్ర లేకపోతే ఎక్కకండి, జర్నీ చేసి దిగిన మర్నాడే ఫీల్డ్‌కి పరిగెత్తడం అస్సలు వద్దు.

మల్టీప్లేయర్ గురించి ఒక్క మాట, మా క్లబ్‌వాళ్ళు చలికాలంలో ఆదివారం సాయంత్రం ఏడున్నరకి అందరూ కలిసి ఎగురుతారు, మనకి అది అర్ధరాత్రి పన్నెండు, అయినా వాళ్ళ గొంతులు వింటూ ఎగరడం చాలా బాగుంటుంది, సీజన్‌లో ఎవరు ఏ రోజు వస్తారో కూడా అక్కడే మాట్లాడుకుంటారు.

అయిదుకి నాలుగున్నర ఇస్తాను. ఇప్పటికే గ్లైడర్ నేర్చుకుంటున్నవాళ్ళు, లైసెన్స్ ఉండి చలికాలం ఇండియాలో గడిపేవాళ్ళు కళ్ళు మూసుకుని కొనొచ్చు. ఇంకా సోలో కూడా వెళ్ళనివాళ్ళు మాత్రం ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి ఆయన చెప్పినవే చేయండి, తప్పు అలవాటు పడితే మాన్పించడం ఆయనకీ కష్టం మీకూ కష్టం. బేసిక్ ప్యాక్‌లో వచ్చే గ్లైడర్లతోనే ఈ ప్రాక్టీస్ అంతా అవుతుంది, మిగతా మోడల్స్ విడిగా డబ్బులు పెట్టి కొనుక్కోవాలి, మీ క్లబ్‌లో మీరు ఎగిరే మోడల్ దొరికితే అదొక్కటి తీసుకోండి చాలు, మిగిలిన డబ్బులు రడ్డర్ పెడల్స్‌కి పెట్టండి.