ఐ.ఎఫ్.పి.తో రెండేళ్లు: ఒక లెక్కల మాస్టారి అనుభవం

2023లో, ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం కింద మా జిల్లా పరిషత్ హైస్కూల్లో ఐ.ఎఫ్.పి.లు (ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, అంటే తాకితే పనిచేసే పెద్ద తెరలు) బిగించారు. మొదటి ఆరు నెలలు దాన్ని పెద్ద టీవీలాగే వాడాను. వీడియో పెట్టి పక్కన నిలబడేవాణ్ణి. పిల్లలు కళ్లార్పకుండా చూసేవాళ్లు, మర్నాడు అడిగితే నోరు మెదిపేవాళ్లు కాదు. చాలా బాధేసేది.

పదో తరగతి బహుపదుల పాఠం దగ్గర నా పద్ధతి మారింది. జియోజీబ్రా అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో వర్గ బహుపది గ్రాఫు గీసి, గుణకాలకు స్లైడర్లు (జరిపితే విలువ మారే మీటలు) పెట్టాను. స్లైడరు జరపడానికి ఒక అమ్మాయిని పిలిచాను. జరిపే ముందు, గ్రాఫు ఏమవుతుందో మిగతావాళ్లను నోట్సులో రాయమన్నాను. వర్గపదం గుణకం రుణసంఖ్య కాగానే పరావలయం తిరగబడింది. సరిగ్గా సున్నా దగ్గర మాత్రం సరళరేఖ అయింది. "ఇక్కడ గీత అయిపోయిందేంటి సార్?" అని వెనక బెంచీ కుర్రాడు అడిగాడు. పీరియడంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. వర్గ బహుపదిలో ఆ గుణకం సున్నా కాకూడదని పుస్తకంలో ఎందుకు రాశారో వాళ్లే చెప్పారు. అప్పటినుంచి ప్యానెల్ మీద రాసే పెన్ను ఎక్కువసేపు పిల్లల చేతిలోనే ఉంటోంది.

మాకు ఇచ్చిన శిక్షణ ఒక్క పూట. ఏ బటన్ ఎక్కడుందో చూపించారు, పాఠం ఎలా చెప్పాలో చెప్పలేదు. అది నేర్పింది మా ఫిజిక్స్ మేడమే. లీజర్ పీరియడ్లో ఒకరి క్లాసులో ఒకరం కూర్చునేవాళ్లం. నెట్ లేకపోయినా నడిచేలా ఫెట్ (PhET) సిమ్యులేషన్లు, అంటే తెర మీద మార్చి చూసే సైన్సు, లెక్కల ప్రయోగాలు, ముందే దించుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. వాటిలో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి. కొత్తగా చేరిన టీచర్లకు నా సలహా ఇదే: నెలకు ఒక్క పాఠం చాలు, తోటి టీచరుతో కలిసి తయారుచేసుకోండి.

మా ప్యానెల్‌కు తాకుడు తెలిసేది ఫ్రేములోని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో. అంచుల్లో సుద్దపొడి పేరుకున్నా, చీర కొంగు తగిలినా అడ్డదిడ్డంగా గీతలు పడతాయి. వారానికోసారి పొడిగుడ్డతో తుడుస్తాం. కరెంటు పోతే సేవ్ చేయనిదంతా పోతుంది, అందుకే ప్రతి లెక్క అయ్యాక సేవ్ చేస్తాను. నిన్న రానివాళ్లకు ఆ పేజీ మళ్లీ తెరిచి చూపించడం ఎంత మేలో చెప్పలేను. ఒకసారి టచ్ పనిచేయడం మానేస్తే, బాగుచేయడానికి మనిషి రావడానికి మూడు వారాలు పట్టింది.

సిద్ధాంతాల నిరూపణలు మాత్రం ఇప్పటికీ నల్లబల్ల మీదే. నేను ఒక్కో మెట్టు రాస్తుంటే పిల్లలు అదే వేగంతో ఆలోచిస్తూ రాసుకుంటారు.