గులాబి రేజరా, నల్ల రేజరా? రెండు ప్యాకెట్ల మీద సమీక్ష

ఒకే అరలో పక్కపక్కనే వేలాడే రెండు రకాల డిస్పోజబుల్ రేజర్ ప్యాకెట్లను ఇక్కడ పోల్చి చూస్తున్నాం. ఒకటి ఆడవాళ్ల కోసమని గులాబి, లేత ఊదా రంగుల్లో వచ్చేది. రెండోది మగవాళ్ల కోసమని నలుపు, ముదురు నీలంలో వచ్చేది. డిజైన్ పనితనానికి రెండింటికీ మంచి మార్కులే పడతాయి. కొనేవాళ్లతో నిజాయితీ విషయంలో మాత్రం రెండూ వెనకబడ్డాయి, గులాబి ప్యాకెట్ ఇంకాస్త ఎక్కువగా.

నల్ల ప్యాకెట్ మీద అక్షరాలు మందంగా, కొంచెం ముందుకు వాలి ఉంటాయి. బ్లేళ్ల సంఖ్యే అన్నిటికన్నా పెద్దగా కనిపిస్తుంది, చుట్టూ వెండి ఫాయిల్ గీతలు. చూడగానే యంత్రం, పదును గుర్తొస్తాయి. గులాబి ప్యాకెట్ మీద అక్షరాలు సన్నగా, గుండ్రంగా ఉంటాయి. ఒక పువ్వో నీటిబొట్టో ముందుకొస్తుంది, బ్లేళ్ల సంఖ్య ఓ మూలకు పోతుంది. ఎన్ని బ్లేళ్లున్నాయో తెలుసుకోవాల్సిన అవసరం ఆడవాళ్లకు మాత్రం లేదా? ఈ డిజైన్‌లో మాకు నచ్చనిది ఇదే.

ప్యాకెట్ తిప్పి వెనకవైపు చదవండి. బ్లేళ్ల పైనుండే జారుడు పట్టీ నీళ్లు తగలగానే జారుడుగా మారే పాలిమర్‌తో చేస్తారు. పదార్థాల జాబితాలో అది తరచుగా పీఈజీ-115ఎం అని ఉంటుంది. రెండు జాబితాలూ ఒకటే అయి, బ్లేళ్లూ అన్నే ఉంటే మిగిలేది సువాసన, ప్లాస్టిక్ రంగు. అసలు తేడా ఉండగలిగేది తల ఆకారంలో, పిడిలో. కాళ్ల కోసం ఆలోచించి చేసిన రేజర్‌కు తల వెడల్పుగా, అంచులు గుండ్రంగా ఉంటాయి. తడి చేతిలోంచి జారకుండా పిడికి రబ్బరు పట్టు ఉంటుంది. మోకాలి వంపు దగ్గర ఇది నిజంగా పనికొస్తుంది, దానికి కాస్త ఎక్కువ ఇచ్చినా తప్పులేదు. రంగొక్కటే మారితే ఎందుకివ్వాలి?

న్యూయార్క్ నగర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2015లో దాదాపు 800 వస్తువుల ధరలు పోల్చింది. ఆడవాళ్ల కోసమని అమ్మేవి సగటున 7 శాతం, సబ్బు, షాంపూ, రేజర్ లాంటి వ్యక్తిగత సంరక్షణ వస్తువులైతే 13 శాతం ఎక్కువ ధర పలికాయి. అందుకే ప్యాకెట్ ధరను కాకుండా, దాన్ని లోపలి రేజర్ల సంఖ్యతో భాగించి వచ్చినదాన్ని పోల్చాలి. అట్ట వెడల్పు ఒకటే అయినంత మాత్రాన లోపల సంఖ్య ఒకటే కానక్కర్లేదు.

ముద్రణలో రెండు రంగులకూ వేర్వేరు తిప్పలున్నాయి. నలుపు గాఢంగా రావాలని నాలుగు సిరాలూ కలిపి వేస్తారు. ఒక్కో సిరా నిండుగా పడితే 100 శాతం అని లెక్క; నాలుగింటి మొత్తం సుమారు 300 శాతాన్ని బాగా దాటితే ఆరడం ఆలస్యమై, ఒక షీటు రంగు పై షీటు వెనక అంటుకుంటుంది. మడతల దగ్గర సిరా పగిలి తెల్ల అట్ట బయటపడుతుంది, మెరుపులేని ప్లాస్టిక్ పొర (మ్యాట్ లామినేషన్) మీద వేలిముద్రలూ గీతలూ కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మెరిసే గులాబి మామూలు నాలుగు సిరాలతో రాదు, దానికి విడిగా ఐదో సిరా కలపాలి. ఆ ఖర్చు తప్పించుకున్న ప్యాకెట్ మసకగా ఉంటుంది. పైగా ఆ నాలుగు సిరాల్లో గులాబి రంగునిచ్చే మజెంటా వెలుతురుకు తొందరగా వెలిసిపోతుంది; కిటికీ పక్క అరలో పాలిపోయిన గులాబి ప్యాకెట్లు కనిపించేది అందుకే.

రంగు మీద ఇంత పెట్టుబడి ఎందుకంటే, కొనేవాళ్లు చదవకముందే రంగును గుర్తుపడతారు. 2009లో ట్రోపికానా తన నారింజ రసం డబ్బా రూపం మార్చగానే అమ్మకాలు దాదాపు 20 శాతం పడిపోయాయి, వెంటనే పాత డబ్బానే తిరిగి తెచ్చింది. 2011లో కోకాకోలా తెల్ల క్యాన్లు తెస్తే, వెండి రంగు క్యాన్లలో వచ్చే డైట్ కోక్ అనుకుని చాలామంది తికమకపడ్డారు. ఆస్ట్రేలియా ఇదే సూత్రాన్ని తిరగేసి, 2012 నుంచి సిగరెట్ పెట్టెలన్నీ జనం ముఖం తిప్పుకొనే మురికి గోధుమ రంగులో ఉండాలని చట్టం చేసింది.

ఒక లోపం రెండు ప్యాకెట్లలోనూ ఉంది. సున్నిత చర్మానికి, మామూలు చర్మానికి ఉన్న రకాలను చిన్న రంగు పట్టీతోనే వేరు చేస్తున్నారు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లకు ఆ పట్టీ ఉపయోగపడదు. అదే చోట పెద్ద అక్షరాల్లో రకం పేరు వేస్తే సరిపోతుంది.

కొనేటప్పుడు: ముఖానికైతే చిన్న తల ఉన్నది, కాళ్లకైతే గుండ్రటి తల, రబ్బరు పిడి ఉన్నది తీసుకోండి, ఏ రంగులో ఉన్నా సరే. తలా పిడీ ఒకేలా ఉంటే, ఒక్కో రేజర్‌కు తక్కువ పడే ప్యాకెట్ తీసుకోండి.