కౌన్సెలింగ్ కేంద్రంలో వాలంటీరు పని: ఫోను దగ్గరా, గదిలోనా, ముందు బల్ల దగ్గరా?

కౌన్సెలింగ్ కేంద్రంలో సేవ చేస్తామని వచ్చేవారిలో చాలామంది ముందే ఒకటి నిశ్చయించుకుని వస్తారు. హెల్ప్‌లైన్ ఫోను తీయాలి, అవతల కుంగిపోతున్న మనిషికి ధైర్యం చెప్పాలి. "కొన్నాళ్లు ముందు బల్ల (రిసెప్షన్) దగ్గర కూర్చుంటారా?" అని అడిగితే ముఖం చిన్నబోతుంది. పేర్లు రాసుకోవడానికా నేను వచ్చింది అన్నట్టు చూస్తారు. నా వరుస దీనికి తలకిందులుగా ఉంటుంది: కొత్తవారికి ముందు బల్లే మేలు, ఆ తర్వాత ఫోను, ఎదురెదురుగా కూర్చుని వినే పని అన్నిటికన్నా చివర.

ఇది నా చాదస్తం కాదు. వాలంటీర్లతో నడిచే హెల్ప్‌లైన్ల చరిత్ర కూడా ఇలాగే మొదలైంది. 1953 నవంబరులో లండన్‌లో చాద్ వారా అనే చర్చి పురోహితుడు ఆత్మహత్య ఆలోచనలతో సతమతమయ్యేవారి కోసం ఒక ఫోను పెట్టాడు. ఫోన్లు చేసేవారితో, నేరుగా వచ్చేవారితో ఆయనకు ఊపిరాడలేదు. వచ్చినవారు తమ వంతు కోసం ఎదురుచూస్తుంటే వారికి టీ ఇచ్చి, కాసేపు తోడుగా కూర్చోవడానికి కొందరు వాలంటీర్లు ముందుకొచ్చారు. తీరా చూస్తే చాలామంది ఆ టీ ఇచ్చినవారి దగ్గరే మనసు విప్పుకుని, లోపలికి వెళ్లే అవసరమే లేదనుకుని తేలికపడి వెళ్లిపోతున్నారు. ఆయన అది గమనించి 1954 ఫిబ్రవరిలో ఫోను తీసే పనిని వాలంటీర్లకే అప్పగించాడు. ఆయన మొదలుపెట్టిన ఆ సేవే సమరిటన్స్ అనే హెల్ప్‌లైన్ సంస్థగా అలా నిలదొక్కుకుంది.

ముందు బల్ల దగ్గర జరిగేది పైకి కనిపించదు. ఒక మనిషి లోపలికి వచ్చి, బల్ల దాకా రాకుండా గోడ మీది నోటీసులు చదువుతూ నిలబడతారు. చదివినవే మళ్లీ చదువుతారు. చివరికి దగ్గరకు వచ్చి "మా తమ్ముడి కోసం కనుక్కుందామని" అంటారు. ఆ తమ్ముడు నిజంగా ఉన్నాడా అన్నది మీకు అనవసరం. ఫారం ఇస్తే పేరు, వయసు చకచకా నింపుతారు. "వచ్చిన కారణం" అన్న గడి దగ్గర కలం ఆగిపోతుంది. అప్పుడు "అది ఖాళీగా వదిలేయండి, ఇష్టమైతే లోపల చెప్పవచ్చు" అని మామూలు గొంతుతో అనగలిగిన వాలంటీరు ఆ పూటకు పెద్ద పనే చేసినట్టు. అదే గొంతుతో "ఇది తప్పనిసరిగా నింపాలండీ" అంటే ఆ మనిషి మళ్లీ రాకపోవచ్చు.

ఇక్కడ నేర్చుకునేవి ఇంకా ఉన్నాయి. నలుగురిలో పేరు పెట్టి పిలవకపోవడం, తెలిసిన ముఖం కనిపిస్తే తెలియనట్టు కాక తొణకకుండా ఉండటం, తర్వాత బయట ఎదురైతే వారు పలకరించేదాకా మనం పలకరించకపోవడం. గోప్యత గురించి శిక్షణలో ఎంత చెప్పినా అది ఒంటబట్టేది ఈ బల్ల దగ్గరే. ఏ కౌన్సెలరు ఏ సమస్య చూస్తారు, న్యాయ సహాయానికి ఎక్కడికి పంపాలి, ఇల్లు వదిలి వచ్చిన మనిషికి ఈ రాత్రికి ఆశ్రయం ఎక్కడ, వైద్యుడి దగ్గరకు ఎప్పుడు పంపక తప్పదు, ఇవన్నీ కొన్ని వారాల్లోనే నోటికి వస్తాయి. రేపు ఫోను దగ్గర కూర్చున్నప్పుడు పనికొచ్చేది ఈ పరిజ్ఞానమే.

కష్టాలు లేవని కాదు. అపాయింట్‌మెంటుకు ఇన్నాళ్లు ఆగాలా అన్న కోపమంతా మీ మీదే పడుతుంది. లోపలికి వెళ్లిన మనిషి కథ ఏమైందో మీకెవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. ఉబుసుపోని పూటలూ ఉంటాయి. మనసు ఉండబట్టలేక వరండాలోనే సొంతంగా కౌన్సెలింగ్ మొదలుపెట్టేవారిని ఎక్కువగా చూసేది ఈ చోటే. వారిని ఆపడం సమన్వయకర్తలకు తలనొప్పి.

ఇక ఫోను. అవతలివారికి మీ ముఖం కనబడదు, మీకు వారి ముఖం కనబడదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోను పెట్టేసే అధికారం వారిది. సిగ్గుతో నోరు పెగలనివారు ఫోనులో మాట్లాడగలిగేది అందుకే. మీ వైపు నుంచి చూస్తే ఊతం మాటలకే పరిమితం. అవతల నిశ్శబ్దం. ఏడుస్తున్నారా, వెళ్లిపోయారా, పక్క గదిలోకి ఎవరైనా వచ్చారా? కొత్తవారు ఆ నిశ్శబ్దాన్ని భరించలేక సలహాలతో నింపేస్తారు. దాన్ని నింపకుండా "మీతోనే ఉన్నాను" అని ఊరుకోవడానికి అభ్యాసం కావాలి.

అలాగే "చనిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగడం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని అందరికీ భయం. పరిశోధనలు ఆ భయానికి ఆధారం లేదని చెబుతున్నాయి. అయినా మొదటిసారి ఆ మాట నోటి నుంచి రావడం తేలిక కాదు.

2007లో వెలువడిన ఒక అధ్యయనం నాకు చాలా ఇష్టం. బ్రయన్ మిషారా అనే పరిశోధకుడి బృందం అమెరికాలో 14 హెల్ప్‌లైన్లకు వచ్చిన ఫోన్లను విని, వాటిలో 1,431 సంక్షోభ కాల్స్‌ను విశ్లేషించింది. సానుభూతి, గౌరవం చూపిన చోట, సమస్యకు దారి ఇద్దరూ కలిసి వెతికిన చోట ఫలితం బాగుంది. శిక్షణలో అందరూ పట్టుబట్టి నేర్పే "చురుకుగా వినడం" అనే పద్ధతికి మాత్రం మంచి ఫలితంతో సంబంధం కనిపించలేదు. అవతలివారి మాటనే తిరిగి అప్పజెప్పడం నేర్చుకుని అదే పనితనం అనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి.

ఫోనుతో వచ్చే అసలు చిక్కు వేరే ఉంది. గంటసేపు మాట్లాడిన మనిషి రేపు బతికే ఉన్నారో లేదో మీకు తెలియదు. ఆ తెలియకపోవడంతో నిద్రపోగలిగినవారికే ఈ పని. అసభ్యంగా మాట్లాడేవారూ ఫోన్ చేస్తారు, రోజూ అదే కథ చెప్పేవారూ చేస్తారు. ఏ ఫోను ఎప్పుడు ముగించాలో కేంద్రం నియమాలు చెబుతాయి. ముగించాల్సింది మాత్రం మీరే.

చాటింగ్ సేవ గురించి రెండు మాటలు చాలు. ఇంట్లో నలుగురి మధ్య కూర్చుని మాట్లాడలేనివారికి అది వరం. వాలంటీరుకు ఆచితూచి రాసే వ్యవధి, పక్కనున్న సీనియరును అడిగే వీలు దొరుకుతాయి. గొంతు వినిపించదు కాబట్టి ఒక్క మాట పొడిపొడిగా పడినా ఉదాసీనత అనిపిస్తుంది. రాయడంలో చేయి తిరిగినవారికి ఫోనుకన్నా ఇదే నయం.

ఎదురెదురుగా కూర్చునే పని చాలామందికి కలల పదవి. అయినవారిని పోగొట్టుకున్నవారి ఇంటికి వారం వారం వెళ్లి తోడుగా ఉండటం, సహాయ బృందాల్లో కౌన్సెలరు పక్కన కూర్చోవడం లాంటివి ఇందులోకి వస్తాయి. వాలంటీర్ల వల్ల ఏమవుతుంది అని పెదవి విరిచేవారికి ఒక సమాధానం ఉంది: 1979లో జోసెఫ్ డర్లాక్ అనే పరిశోధకుడు 42 అధ్యయనాలను పరిశీలించి, వృత్తి నిపుణులు కానివారి ఫలితాలు నిపుణులకు తీసిపోవని తేల్చాడు. ఆ అధ్యయనాల నాణ్యతను 1981లోనే ఇతరులు ప్రశ్నించారు కాబట్టి మరీ ఛాతీ విరుచుకోనక్కరలేదు. నా అభ్యంతరం సామర్థ్యం గురించి కాదు, కొనసాగడం గురించి. ఇక్కడ బంధం ఏర్పడుతుంది. మూడు నెలలకే ఉద్యోగం మారిందనో, పరీక్షలు వచ్చాయనో మానేస్తే, అప్పటికే ఒకరిని పోగొట్టుకున్న మనిషి ఇంకొకరిని పోగొట్టుకుంటారు. ఏడాది పాటు మాట నిలుపుకోగలమన్న నమ్మకం లేనివారు దీని జోలికి రాకపోవడమే మంచిది.

ఈ వరుస అందరికీ కాదు. ఇల్లు కదలలేనివారు నేరుగా ఫోను, చాటింగ్ శిక్షణకే వెళ్లవచ్చు, ఇంటి నుంచి పనిచేయనిచ్చే సేవ దొరికితే. స్వయంగా ఈ మధ్యే పెద్ద దుఃఖం అనుభవించినవారు మాత్రం, ఆ బాధ తెలుసు కాబట్టి బాగా వినగలమని ఎంత అనిపించినా, కొంతకాలం ముందు బల్ల దగ్గరే ఉండాలి. అవతలివారి కథ వింటూ సొంత కథలోకి జారిపోవడం చాలా సులువు.

ఏది ఎంచుకున్నా, చేరే ముందు కేంద్రం వారిని ఒకటి అడగండి: "షిఫ్టు అయ్యాక నేనెవరితో మాట్లాడాలి?" ఫలానా సీనియరు, ఫలానా వేళ అని వెంటనే చెబితే నిశ్చింతగా చేరండి. నీళ్లు నమిలితే, లేదా "మీకు మనుషులతో మాట్లాడటం వచ్చు కదా, ఇవాళే ఫోను దగ్గర కూర్చోండి" అంటే, దండం పెట్టి వచ్చేయండి.