రాజ్యసభ సభ్యుల పని తెలుసుకోవాలంటే ఏ రికార్డు మేలు?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న తెలుగువాళ్ళం మనం. పర్లాకిమిడి వాళ్ళం లోక్‌సభకు బరంపురం ఎంపీని ఎన్నుకుంటాం. గుణుపురం, రాయగడ వాళ్ళకు కోరాపుట్ ఎంపీ ఉంటారు. వాళ్ళ పని నచ్చకపోతే అయిదేళ్ళకోసారి చెప్పడానికి మన చేతిలో ఓటుంది. రాజ్యసభ సభ్యుల సంగతి వేరు. ఒడిశాకు పది రాజ్యసభ స్థానాలున్నాయి, ఆ పదిమందినీ ఎన్నుకునేది మన 147 మంది ఎమ్మెల్యేలు. పదవి ఆరేళ్ళు. 2003లో చట్టం మార్చాక అభ్యర్థి ఈ రాష్ట్రంలో ఓటరై ఉండాలన్న నిబంధన కూడా పోయింది. ఓటు కోసం మన వీధికి రావలసిన అవసరం వాళ్ళకు ఎప్పుడూ పడదు. కానీ రైలు, జాతీయ రహదారి, నదీ జలాలు లాంటివన్నీ ఢిల్లీలో తేలే విషయాలే. అందుకే వాళ్ళు సభలో ఏం చేశారో తెలుసుకోవడానికి మనకు మిగిలింది రికార్డు ఒక్కటే.

ఒడిశాలో శాసనమండలి లేదు. 49 మందితో మండలి కావాలని 2018లో శాసనసభ తీర్మానం చేసింది, మండలి మాత్రం రాలేదు. కాబట్టి మనకు పెద్దల సభ అంటే రాజ్యసభే. మహారాష్ట్ర వైపు సిరొంచ, రాజురా ప్రాంతాల తెలుగువాళ్ళకు 19 మంది రాజ్యసభ సభ్యులతో పాటు 78 మంది ఉన్న విధాన పరిషత్తు (శాసనమండలి) కూడా ఉంది. నేను చెప్పే పద్ధతిలో రాజ్యసభకు సంబంధించినదంతా వాళ్ళకూ పనికొస్తుంది.

చూడదగ్గ రికార్డులు ప్రధానంగా మూడు. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ ఇచ్చే హాజరు, ప్రశ్నల లెక్క ఒకటి. రాజ్యసభ స్వయంగా పెట్టే ప్రశ్నలు, జవాబులు, చర్చల పూర్తి పాఠం ఇంకొకటి. ఎంపీ నిధులతో చేసిన పనుల పట్టిక మూడోది. ఇవి కాక సభ్యులు తమ ఫేస్‌బుక్ పేజీలో పెట్టుకునేవి ఎలాగూ ఉంటాయి. నా అభిప్రాయం ముందే చెప్తాను: మన సరిహద్దు జిల్లాల వాళ్ళకు ప్రశ్నల, చర్చల పాఠమే మేలు, మిగతావి దానికి తోడుగా వాడుకోవాలి. ఎందుకో చెప్పాలంటే ముందు లెక్కల సంగతి చూడాలి.

పీఆర్‌ఎస్ 2005లో మొదలైంది. అందులో సభ్యుడి పేరు కొడితే హాజరు శాతం, పాల్గొన్న చర్చలు, వేసిన ప్రశ్నలు, పెట్టిన ప్రైవేటు బిల్లులు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టేవి) ఒకే పేజీలో వస్తాయి. పక్కనే రాష్ట్ర సగటు, దేశ సగటు ఉంటాయి. అయిదు నిమిషాల పని. ఒక సభ్యుడు సభకే వెళ్ళడం లేదా, వెళ్ళినా నోరు విప్పడం లేదా అన్నది ఇంత త్వరగా చెప్పేది ఇంకోటి లేదు. ఆ మేరకు ఇది చాలా విలువైన సేవ.

అంతకు మించి దీని మీద బరువు పెట్టకూడదు. హాజరు అంటే పట్టికలో సంతకం. పొద్దున సంతకం పెట్టి వెళ్ళిపోయినా, సాయంత్రం దాకా కూర్చున్నా లెక్క ఒక్కటే. ప్రశ్నల లెక్కలోనూ అంతే. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో నిలబడి జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు అడగొచ్చు. గుర్తు లేని ప్రశ్నకు రాతపూర్వకంగా జవాబు వస్తుంది. రాజ్యసభలో రోజుకు మొదటి రకం 15, రెండో రకం 160 దాకా జాబితాలో ఉంటాయి. మొత్తం అంకెలో రెండూ ఒకటిగానే కలిసిపోతాయి. స్థాయీ సంఘాల్లో, అంటే ఎంపీలతో వేసే స్టాండింగ్ కమిటీల్లో, చేసే పని ఈ లెక్కలోకి రాదు. నిజానికి బిల్లులను, శాఖల బడ్జెట్లను తీరుబడిగా పరిశీలించేది అక్కడే. ఆ సమావేశాలు బయటివాళ్ళకు కనిపించవు గానీ, నివేదికల చివర ఇచ్చే మినిట్స్‌లో ఎవరు హాజరయ్యారో ఉంటుంది.

మంత్రుల విషయంలో ఈ పేజీ దాదాపు ఖాళీగా కనిపిస్తుంది. అశ్వినీ వైష్ణవ్ ఒడిశా నుంచే రాజ్యసభకు వెళ్ళారు, 2021 జులై నుంచి రైల్వే మంత్రి. మంత్రులు హాజరు పట్టికలో సంతకం పెట్టరు, ప్రశ్నలు వేయరు, జవాబులు చెప్తారు. ఆ పేజీ చూసి పని లేదనుకుంటే పూర్తిగా తప్పు. ఆయన పని చూడాలంటే ఆయన ఇచ్చిన జవాబులు చదవాలి.

సచిన్ టెండూల్కర్ ఉదాహరణ చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2012 నుంచి 2018 దాకా నామినేటెడ్ సభ్యుడు, అంటే ఎన్నిక లేకుండా రాష్ట్రపతి నియమించిన సభ్యుడు. హాజరు పది శాతం లోపే, ప్రశ్నలు 22. 2017 డిసెంబరు 21న క్రీడల మీద మాట్లాడడానికి లేచి నిలబడ్డారు, గొడవ వల్ల మాట్లాడలేకపోయారు, మరుసటి రోజు ఆ మాటలను వీడియోగా పెట్టారు. చర్చల ఖాతాలో ఏమీ చేరలేదు. అదే సమయంలో నెల్లూరు జిల్లా పుట్టంరాజు కండ్రిగను దత్తత తీసుకుని అక్కడ పనులు చేయించారు. గ్రామం కోసం చేసిన పని సభకు వెళ్ళకపోవడాన్ని మాఫీ చేస్తుందని నేను అనను. పెద్దల సభ సభ్యుడి మొదటి పని సభలోనే. కానీ ఒక్క అంకె చూసి మనిషిని మొత్తం తూచేయలేమని మాత్రం ఆ ఆరేళ్ళు చెప్తున్నాయి.

ఇప్పుడు అసలైన పాఠం. పార్లమెంటు వెబ్‌సైటులో రాజ్యసభ ప్రశ్నలు తేదీ, మంత్రిత్వ శాఖ, సభ్యుడి పేరు, విషయం వారీగా వెతుక్కోవచ్చు. ప్రశ్నలో ఒక్కో భాగానికి విడిగా జవాబు ఉంటుంది. చర్చలకైతే సభ జరిగిన రోజే దిద్దుబాటు చేయని ప్రతి వస్తుంది, తర్వాత అధికారిక ప్రతి. 1952 నుంచి చర్చలన్నీ డిజిటల్ రూపంలో ఉన్నాయి. బరంపురంలో పుట్టిన మన వి.వి. గిరి ఉపరాష్ట్రపతిగా 1967 నుంచి 1969 దాకా ఆ సభకు అధ్యక్షత వహించారు. ఆ రోజుల సభ నడిచిన తీరు కూడా ఆ పాత ప్రతుల్లో చదువుకోవచ్చు. ఈ ఊరి పిల్లలకు ఆ సంగతి చెప్పేవాళ్ళు ఉండాలి.

పాఠం ఎందుకు మేలు అంటున్నానంటే, సభలో అన్న మాట తేదీతో సహా నిలిచిపోతుంది. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు రాజ్యసభలో ఆమోదం పొందింది. ఆ రోజు ప్రధాని మన్మోహన్ సింగ్ అయిదేళ్ళ ప్రత్యేక హోదా గురించి చేసిన ప్రకటన చట్టంలో లేదు, సభ రికార్డులో ఉంది. ఆ తర్వాత జరిగిన వాదనలన్నీ ఆ ప్రకటన చుట్టూనే తిరిగాయి. అదే ప్రకటనలో ఉత్తరాంధ్ర, రాయలసీమలకు ఇచ్చే అభివృద్ధి ప్యాకేజీ ఒడిశాలోని కోరాపుట్, బలంగీర్, కలహండి ప్రత్యేక ప్రణాళిక తరహాలో ఉంటుందన్నారు. అంటే శ్రీకాకుళంలో ఉన్న మన చుట్టాలకు ఇస్తామన్న సాయానికి నమూనాగా చూపింది మన ప్రాంతాన్నే. ఇలాంటి సంగతి ఏ హాజరు శాతంలోనూ కనిపించదు. చదివితేనే తెలుస్తుంది.

సరిహద్దులో ఉన్నవాళ్ళకు ఒక సలహా. సభ్యుడి పేరుతో మాత్రమే వెతకకండి, ఊరి పేరుతో, నది పేరుతో, రైల్వే లైను పేరుతో వెతకండి. వంశధార సంగతే తీసుకోండి. 2010లో ట్రిబ్యునల్ వేశారు, 2017లో నేరడి బ్యారేజీకి అనుమతిస్తూ తీర్పు వచ్చింది. ఈ నది గురించి ఆంధ్ర సభ్యుడు అడిగితే బ్యారేజీ ఎప్పుడు కడతారని అడుగుతారు, ఒడిశా సభ్యుడు అడిగితే మా వైపు భూమి, నీళ్ళ మాటేమిటని అడుగుతారు. జవాబిచ్చేది ఒకే జలశక్తి శాఖ. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టుకుంటేనే నిజం ఎక్కడుందో మనకు అర్థమవుతుంది. మల్కన్‌గిరి వాళ్ళకు పోలవరం ముంపు విషయంలోనూ ఇదే పద్ధతి. మన పది మంది మాత్రమే మన గురించి మాట్లాడతారనుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌కు ఉన్న 11 మంది వేసిన ప్రశ్నల్లో కూడా మన ఊళ్ళు దొరకొచ్చు. వెతికేటప్పుడు పర్లాకిమిడి, పారలాఖెముండి, బెర్హంపూర్, బ్రహ్మపూర్ అని అన్ని రకాల స్పెల్లింగులూ ప్రయత్నించాలి, లేకపోతే సగం తప్పిపోతాయి.

రైల్వే సంగతి చూడండి. నౌపడ–గుణుపురం లైను 2011లో బ్రాడ్‌గేజీగా మారింది. రాయగడ డివిజన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించారు, కార్యాలయ భవనానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. మధ్యలో దాదాపు ఆరేళ్ళు. ఆ కాలంలో ఎవరు ఏ తేదీన ఏం అడిగారో, శాఖ ఏమని జవాబిచ్చిందో వరసగా పేర్చుకుంటే ఆలస్యం ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. మంచి ప్రశ్నను గుర్తుపట్టడం కష్టం కాదు. ‘లైను వేసే ప్రతిపాదన ఉందా’ అని మాత్రమే అడిగితే ‘పరిశీలనలో ఉంది’ అని ఒక ముక్క జవాబు వస్తుంది. ఇప్పటిదాకా ఎంత ఖర్చయింది, ఎంత భూమి ఇంకా తీసుకోవాలి, అది ఏ ప్రభుత్వం ఇవ్వాలి అని విడివిడిగా అడిగితే అంకెలు ఇవ్వక తప్పదు. రెండో రకం ప్రశ్న ఒక్కటి వేసిన సభ్యుడిని, మొదటి రకం ప్రశ్నలు వంద వేసిన సభ్యుడి కంటే నేను గౌరవిస్తాను.

జవాబులో మంత్రి ‘సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందు ఉంచుతాం’ అన్నారనుకోండి. అది హామీ కిందకు వస్తుంది. మూడు నెలల్లో నెరవేర్చాలి. ఈ హామీలను చూడడానికే రాజ్యసభలో 1972 నుంచి ప్రత్యేక కమిటీ ఉంది. మన సభ్యుడు ప్రశ్న వేసి వదిలేశారా, హామీ నెరవేరేదాకా వెంటపడ్డారా అన్నది ఇక్కడ తేలుతుంది. నాకు తెలిసి ఇంతదాకా వెళ్ళి చూసేవాళ్ళు చాలా తక్కువ, చూడవలసింది మాత్రం ఇదే.

ఈ పాఠానికీ లోపాలున్నాయి. ఎవరు ఎటు ఓటేశారో చాలాసార్లు తెలియదు. పునర్విభజన బిల్లు మూజువాణి ఓటుతో నెగ్గింది కాబట్టి అందులో పేర్లు లేవు. 2023 సెప్టెంబరు 21న మహిళా రిజర్వేషన్ బిల్లుకు ఓటింగు జరిపారు కాబట్టి అనుకూలంగా 214, వ్యతిరేకంగా సున్నా అని నమోదైంది. సభాధ్యక్షులు తొలగించమన్న మాటలు రికార్డులో ఉండవు. జవాబులు ఇంగ్లీషు, హిందీల్లోనే వస్తాయి, అది మన పెద్దవాళ్ళకు ఇబ్బందే. ఒకటి రెండు పేజీల జవాబు చదివి చెప్పడానికి ఇంట్లో కాలేజీ పిల్లలు చాలు, వాళ్ళకూ మంచి అభ్యాసం.

ఇక ఎంపీ నిధులు. 1993 డిసెంబరులో ఈ పథకం మొదలైంది, 2011–12 నుంచి ఒక్కో సభ్యుడికి ఏడాదికి 5 కోట్లు. లోక్‌సభ ఎంపీ తన నియోజకవర్గంలో ఖర్చు చేయాలి, రాజ్యసభ సభ్యుడు తన రాష్ట్రంలో ఏ జిల్లాలోనైనా చేయొచ్చు. ఒడిశాలో 30 జిల్లాలు. కాబట్టి గజపతి జిల్లాలో ఆయన పేరుతో బోర్డు లేకపోతే పని చేయలేదని కాదు, మన జిల్లాకు ఇవ్వలేదని మాత్రమే అర్థం. సభ్యుడు పనిని సిఫారసు చేస్తారు, మంజూరు చేసి చేయించేది జిల్లా యంత్రాంగం. పని ఆగిపోతే తప్పు ఎవరిదో బోర్డు చెప్పదు. కరోనా వల్ల 2020–21లో నిధులే ఇవ్వలేదు, ఆ ఏడాది ఖాళీగా ఉందని ఎవరినీ నిందించకూడదు. అయితే ఈ నిధుల్లో షెడ్యూల్డు తెగల ప్రాంతాలకు 7.5 శాతం, షెడ్యూల్డు కులాల ప్రాంతాలకు 15 శాతం సిఫారసు చేయాలని నియమం ఉంది. రాయగడ, గజపతి, కోరాపుట్ లాంటి జిల్లాల వాళ్ళు తప్పకుండా అడగవలసిన లెక్క ఇది. కమ్యూనిటీ హాలు, బోరు, తరగతి గది కావాలంటే ఈ పట్టికే చూడాలి. సభలో ఆయన పని ఎలా ఉందో తెలుసుకోవడానికి మాత్రం ఇది పనికిరాదు.

సభ్యుల సొంత పేజీల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మంత్రికి వినతిపత్రం ఇస్తున్న ఫొటో సభలో చేసిన పని కాదు. జీరో అవర్‌లో (అత్యవసర విషయాలు లేవనెత్తే సమయంలో) మాట్లాడానని రాస్తే తేదీ చూసుకుని ఆ రోజు చర్చల ప్రతిలో వెతకండి. దొరికితే సంతోషం, పంచుకోండి కూడా.

నేనైతే ఇలా చేస్తాను. కొత్త సభ్యుడు వచ్చాక మొదటి రెండు సమావేశాలు పీఆర్‌ఎస్ లెక్క చూస్తాను, వెళ్తున్నారా లేదా అన్నంత వరకే. ఆ తర్వాత నుంచి మన ప్రాంతం పేర్లతో ప్రశ్నలు వెతికి చదువుతాను. ఏడాదికోసారి నిధుల పట్టిక. ఎవరికైనా అర్జీ ఇవ్వాలనుకుంటే, అదే విషయం మీద ఇంతకు ముందు వచ్చిన జవాబు నంబరు, తేదీ వేసి, మిగిలిపోయిన ప్రశ్నలు మూడు నాలుగు స్పష్టంగా రాసి ఇవ్వండి. ప్రశ్నకు పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. అందుకని సమావేశాలు మొదలయ్యాక ఇస్తే ఆలస్యమైపోతుంది. మామూలుగా బడ్జెట్ సమావేశాలు జనవరి చివర, వర్షాకాల సమావేశాలు జులైలో, శీతాకాల సమావేశాలు నవంబరు చివర లేదా డిసెంబరు మొదట్లో మొదలవుతాయి. కనీసం నెల ముందు కాగితం వాళ్ళ చేతికి అందేలా చూసుకోండి. పర్లాకిమిడి నుంచి ఒకరు, గుణుపురం నుంచి ఒకరు అదే విషయం మీద పంపితే ఇంకా మంచిది.