బేస్ గిటారు చేయించుకునేవారికి హెచ్చరిక: మెడ చూడనిదే మిగతా డబ్బు కట్టకండి

బెంగళూరులో ఎలక్ట్రిక్, బేస్ గిటార్లు తయారుచేసి అమ్మే ఒక కంపెనీ వల్ల నాకు జరిగిన నష్టం మరొకరికి జరగకూడదని ఇది రాస్తున్నాను. ఫిర్యాదు ఇంకా నడుస్తున్నందువల్ల పేరు చెప్పడం లేదు.

మారతహళ్ళిలో తెలుగువాళ్ళం ఐదుగురం కలిసి ఉగాదికి, వినాయక చవితికి పాటకచ్చేరీ చేస్తుంటాం. అందుకోసం నాలుగు తీగల బేస్ గిటారును 46,000 రూపాయలకు మాట్లాడుకుని సగం ముందే చెల్లించాను. ఆరు వారాలన్నది నాలుగు నెలలైంది. చేతిపని కదా అని సర్దుకున్నాను. కార్ఖానాకు వచ్చి చూస్తానంటే రానివ్వలేదు. అయినా ఫొటోలు చూసి, పార్సిల్ బయలుదేరకముందే మిగతా సొమ్ము కట్టేయడం నా తప్పు.

పైన పటారం, లోన లొటారం అన్న మాట ఈ వాద్యానికి అతికినట్టు సరిపోతుంది. ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్ లాగే దీనికీ తీగ పొడవు 34 అంగుళాలు. ఆ నాలుగు తీగలూ కలిసి మెడను, అంటే తీగలు సాగే పొడవాటి కొయ్య భాగాన్ని, ఎప్పుడూ ఎంతో బలంగా లాగుతుంటాయి కాబట్టి, ఆ లాగుడుకు ఎదురుగా నిలబడటానికి మెడ లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. మూడు వారాల్లోనే నా గిటారు మెడ వంగి, తీగలు వేళ్ళకు అందనంత ఎత్తుకు లేచాయి. మెడ మీద అడ్డంగా బిగించే ఫ్రెట్లు అనే లోహపు కమ్మీల కొసలు అంచు దాటి అరచేతిని గీరసాగాయి. ఇందిరానగర్‌లో బాగుచేసే ఆయన తీగలు వదులు చేసి కడ్డీ నట్టు తిప్పబోతే అది కదలలేదు. అప్పటికే చివరిదాకా బిగించి ఉంది. అంటే పంపేనాటికి మెడ నిటారుగా కనిపించేలా, ఉన్న సవరణ అంతా కార్ఖానాలోనే వాడేశారన్నమాట.

కంపెనీ మాత్రం వానాకాలపు తేమే కారణమంది. తేమకు కొయ్య ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ఫ్రెట్ కొసలు బయటికి వచ్చాయంటే కొయ్య తర్వాత ఆరి కుంచించుకుందని, అంటే సరిగా ఆరని కొయ్య వాడారనే అర్థం. పైగా వాళ్ళ కార్ఖానా, మా ఇల్లు ఒకే ఊళ్ళో ఉన్నాయి. వాన నా కొయ్య మీదే కురిసిందా?

కొనేవారు లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి, ఏడెనిమిదో ఫ్రెట్ వద్ద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడండి. విజిటింగ్ కార్డు దూరేంత చాలు. అంతకు మించితే ట్రస్ రాడ్‌ను మీ ఎదుటే తిప్పించి, మెడ స్పందిస్తోందో లేదో గమనించండి. బిల్లు సంస్థ పేరుతోనే తీసుకోండి. నేను వ్యక్తి ఖాతాకు యూపీఐ చేసి, ఇప్పుడు రుజువుల కోసం తిరుగుతున్నాను.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారు నివసించే జిల్లాలోనే, రెండేళ్ళ లోపు కేసు వేయవచ్చు. 5 లక్షల దాకా చెల్లించిన కొనుగోళ్ళకు రుసుము లేదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాక, మరో 9,000 ఇస్తే కొత్త మెడ వేస్తామని కంపెనీ కబురు పంపింది. నేను ఒప్పుకోలేదు. పాత మెడ వాళ్ళ చేతికి వెళితే సాక్ష్యమే పోతుంది. అందుకే బాగుచేసే ఆయన చేత రాతపూర్వకంగా కారణం రాయించుకుని, గిటారును విప్పకుండా అలాగే పెట్టెలో ఉంచాను.